సరస్సు ఒడ్డున రిటైర్మెంట్: చపాలానా, అటిట్లానా, ఏది మేలు?

అమెరికాలో ఉద్యోగం మానేశాక వచ్చే పింఛను అక్కడి ఖర్చులకు చాలదనుకునేవాళ్లు ఎక్కువగా ఆరా తీసే సరస్సులు రెండు: మెక్సికోలోని చపాలా, గ్వాటెమాలాలోని అటిట్లాన్. రెండూ సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి ఏడాదిలో చాలా రోజులు ఏసీతో పని పడదు. అందం చూస్తే అటిట్లాన్‌కు సాటి లేదు. చుట్టూ మూడు అగ్నిపర్వతాలు, 300 మీటర్లు దాటిన లోతు. చపాలా లోతు తక్కువ, నీళ్లు బురదరంగు, కొన్ని నెలలు ఒడ్డంతా గుర్రపుడెక్క. అయినా అరవై దాటినవాళ్లకు చపాలానే మేలు. కారణం ఆసుపత్రి.

చపాలా ఒడ్డునున్న అహిహిక్ నుంచి గ్వాదలహారాలోని పెద్ద ఆసుపత్రులకు కారులో గంట అటూ ఇటూ. విమానాశ్రయమూ ఆ దారిలోనే. అటిట్లాన్ ఒడ్డున పనహచెల్ నుంచి గ్వాటెమాలా సిటీకి కొండదారిలో మూడు గంటలైనా పడుతుంది, వానాకాలంలో కొండచరియలు పడితే దారే మూసుకుపోతుంది. ఇక సాంతాక్రూస్ లాంటి ఊళ్ల నుంచి పనహచెల్‌కు రావాలంటే మామూలుగా పడవే దిక్కు. మధ్యాహ్నం షొకోమిల్ అనే గాలి లేస్తే పడవ ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుంది. రాత్రి గుండెనొప్పి వస్తే ఏం చేస్తామన్నది ఇల్లు చూసేముందే తేల్చుకోవాలి.

అమెరికా ప్రభుత్వం వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ రెండు చోట్లా దాదాపు పనిచేయదు. అలాగని అందులో డాక్టరు ఖర్చులు చూసుకునే భాగమైన పార్ట్ బి మానేస్తే, తిరిగి చేరేటప్పుడు మానేసిన ప్రతి పూర్తి ఏడాదికీ ప్రీమియం 10 శాతం చొప్పున పెరిగే ప్రమాదం ఉంది, ఆ పెంపు జీవితాంతం మోయాలి. ఎప్పుడైనా అమెరికాకు తిరిగొచ్చే ఆలోచన ఉంటే దాన్ని కట్టుకుంటూ పోవడమే నయం.

మెక్సికో తాత్కాలిక నివాస వీసాకు మామూలుగా మెక్సికో బయటి కాన్సులేట్‌లోనే దరఖాస్తు పెట్టాలి. నెలనెలా వచ్చే ఆదాయమో, బ్యాంకు నిల్వో చూపాలి. ఎంత చూపాలన్నది ఏటా మారుతుంది, అందుకే మీ కాన్సులేట్‌నే అడగండి. వీసా అతికించాక 180 రోజుల్లో దేశంలో అడుగుపెట్టాలి, పెట్టిన 30 రోజుల్లో నివాస కార్డు తీసుకునే పని మొదలుపెట్టాలి. తప్పు జరిగేది ఎక్కువగా విమానాశ్రయంలోనే: అధికారి పొరపాటున పర్యాటకుడిగా ముద్ర వేస్తే కథ మొదటికొస్తుంది. పాస్‌పోర్టులో వీసా ఉన్న పేజీ తెరిచి ఇచ్చి, వేసిన ముద్రను కౌంటరు దగ్గరే చూసుకోండి. కార్డు మొదట ఒక ఏడాదికి, తర్వాత మూడేళ్లకు, ఆపై శాశ్వత నివాసం. అమెరికా నంబరు ప్లేటున్న కారు తాత్కాలిక కార్డుతో ఉంచుకోవచ్చు, శాశ్వత కార్డు వచ్చాక కుదరదు.

పౌరసత్వం తీసుకోని, గ్రీన్ కార్డు మీదున్న మనవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, అంటే రీఎంట్రీ పర్మిట్, లేకుండా ఏడాది దాటి బయట ఉంటే కార్డుకే ఎసరు. ఆ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి.

స్థలం కొనాలంటే చపాలాలో విదేశీయులు సొంత పేరునే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, తీరానికీ సరిహద్దుకూ దూరం కాబట్టి ఆ ప్రాంతాల్లో విదేశీయులకు కావలసిన బ్యాంకు ట్రస్టు ఇక్కడ అక్కర్లేదు. ఎహీదో భూమి, అంటే రైతుల ఉమ్మడి భూమి, చవకగా వస్తుందని ఆశపడకండి. అటిట్లాన్‌లో ఒడ్డు నుంచి 200 మీటర్ల వరకు ప్రభుత్వ రిజర్వు. పైగా ఆ సరస్సు నుంచి బయటికి పారే నది లేదు, నీటిమట్టం ఏళ్ల తరబడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 2010లో అగాథా తుపాను తర్వాత ఒడ్డు ఇళ్లు ఎన్నో మునిగాయి.

అహిహిక్ వీధులు గుండ్రాళ్లవి, మోకాళ్లు బాగోలేనివాళ్లు కొండ వాలు ఇళ్ల జోలికి పోవద్దు. ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు ఎక్కువ కాబట్టి అద్దెలూ అక్కడ ఎక్కువే. పక్కనే ఉన్న చపాలా పట్టణంలో అద్దె తక్కువ, గ్వాదలహారాకు నేరుగా బస్సు, కాకపోతే స్పానిష్ రావాలి. ఇల్లు చూసేటప్పుడు నేలతొట్టి, మోటారు, మిద్దె మీది ట్యాంకు చూడండి. ఏడాది సగటున నెలకు 250 యూనిట్లు దాటితే కరెంటు సబ్సిడీ పోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్లు పెట్టేవాళ్లకు ఈ దెబ్బ తగులుతుంది. ఆ ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు గిన్నెలో ఎంతకీ ఉడకదు, కాబట్టి కుక్కరు వెంట తీసుకెళ్లండి.

జనవరిలో చూసి కొనేయకండి. మే నెల ఎండ, దుమ్ము, ఆగస్టు వాన రెండూ అద్దె ఇంట్లో గడిపాక బయానా ఇవ్వండి.