ఫ్లోట్ల విమానమా, పడవ విమానమా: మొదటిసారికి ఏది మేలు?

2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా సీప్లేన్ (నీటి మీది నుంచి లేచి, నీటి మీదే దిగే విమానం) నడిపినప్పటి నుంచి నెల్లూరు, కావలి, ఒంగోలు మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ‘అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్తున్నాం. అక్కడ చిన్న సీప్లేన్‌లో శిక్షకుడు తోడుగా ఉండి మనచేతనే నడిపిస్తాడట. ఏ రకం ఎక్కమంటారు?’ మా అమ్మాయి ఉండేది ఫ్లోరిడాలో. ఈ మధ్య అక్కడికి వెళ్లినప్పుడు రెండు రకాలూ ఎక్కాను కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను.

చక్రాల బదులు కింద రెండు పొడవాటి ఫ్లోట్లు, అంటే నీటిలో తేలే పడవల్లాంటి డొల్లలు, బిగించిన మామూలు విమానం ఒక రకం. నేను ఎక్కింది పైపర్ జె-3 కబ్. 1947లోనే తయారీ ఆగిపోయిన ఈ విమానంలో ఇద్దరు ఒకరి వెనుక ఒకరు కూర్చోవాలి. విమానం పొట్టే పడవలా నీటిలో కూర్చునేది రెండో రకం, అదే పడవ విమానం. ఐకాన్ ఎ5, సీరే వంటివి ఈ కోవలోవి. వీటికి మడుచుకునే చక్రాలు కూడా ఉంటాయి కనుక రన్‌వే మీదా దిగుతాయి.

గాలిలోకి లేచాక రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆకాశం నుంచి నేలను చూడాలనుకుంటే ఏ విమానం ఎక్కినా చూడవచ్చు. సీప్లేన్ ఎక్కేది నీటి మీద గడిపే ఆ కొద్ది నిమిషాల కోసం. నీరు చేసే ప్రతి పనీ మన చేతికీ నడుముకూ ఎంత విడివిడిగా తెలుస్తుందన్నదే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం.

అందుకే నా మొగ్గు ఫ్లోట్ల వైపు. కబ్‌లో ఇంజను బలం తక్కువ. థ్రాటిల్ (ఇంజను బలాన్ని పెంచే మీట) పూర్తిగా తెరిచి, విమానాన్ని నడిపే కర్రను ఒళ్లోకి లాగి పట్టుకుంటే ముక్కు పైకి లేస్తుంది. ఎదుట ఇంజను తప్ప ఏమీ కనిపించదు, ఫ్లోట్లు నీటిని దున్నుతూ బరువుగా కదులుతాయి. ముక్కు ఇక లేవడం ఆపిందనిపించినప్పుడు కర్రను కొద్దిగా ముందుకు వదలాలి. విమానం ముందుకు వాలి, చెరువులో విసిరిన పెంకులా నీటిపైన జారడం మొదలుపెడుతుంది. ఫ్లోటు అడుగున సగం దూరంలో ఒక మెట్టు ఉంటుంది. వేగం అందుకున్నాక మెట్టుకు ముందున్న భాగమే నీటిని తాకుతుంది, వెనుక భాగం నీటి పట్టు నుంచి విడిపోతుంది. పడవ విమానం పొట్ట కిందా అదే మెట్టు ఉంటుంది, కానీ ఐకాన్‌లో వంద హార్స్‌పవర్ ఇంజను ఈ దశను చప్పున దాటించేస్తుంది. కబ్ దాన్ని నిదానంగా, ప్రతి మార్పూ తెలిసేలా చూపిస్తుంది.

ఫ్లోట్లకే సాధ్యమైన పని ఇంకొకటి ఉంది. గాలి లేక నీరు అద్దంలా ఉన్నప్పుడు ఫ్లోట్లు నీటికి అతుక్కుపోయి త్వరగా విడిపోవు. అప్పుడు కర్రను ఒక పక్కకు వంచితే ఒక ఫ్లోటు ముందు లేస్తుంది. పట్టు సగం తగ్గి, ఆ వెంటనే రెండోదీ లేస్తుంది. కబ్ తలుపు తెరిచే ఎగరవచ్చు గనుక, ఫ్లోటు నీటిని వదలడం, దాని అంచు నుంచి నీరు ధారగా కారడం కళ్లారా చూశాను. ఒకే పొట్ట ఉన్న విమానంలో ఈ అవకాశం లేదు.

అద్దంలాంటి నీరే మేలని చాలామంది అనుకుంటారు. దిగేటప్పుడు అదే ప్రమాదకరం, ఎత్తు అంచనాకు అందదు. అలాంటప్పుడు ఒడ్డును ఆసరాగా చూసుకుంటూ, ఇంజను కొద్దిగా నడిపిస్తూ, చాలా మెల్లగా కిందికి దించుకుంటూ ఫ్లోట్లు తాకేదాకా ఓపిక పట్టాలి. చిరు అలలు ఉంటే ఈ తిప్పలు ఉండవు. నెల్లూరు చెరువు గట్టు మీద పెరిగినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది: గాలి ఏ ఒడ్డు నుంచి వీస్తుందో ఆ ఒడ్డు పక్కన నీరు నున్నగా ఉంటుంది. సీప్లేన్ నడిపేవారూ గాలి దిక్కును ఇలాగే కనిపెడతారు. మొదటి పాఠంలో ఇది మనవారికి సగం వచ్చినట్టే.

పడవ విమానానికీ గట్టి బలాలున్నాయి. బరువు నీటికి దగ్గరగా ఉంటుంది కనుక పక్క గాలికి అంతగా ఊగదు. కూర్చున్నవారి భుజానికి కాస్త కిందే నీరు పరుగెడుతుంది, ఆ అనుభూతి కబ్‌లో దొరకదు. ఎత్తు చూస్తే భయపడేవారికి, మోకాళ్ల నొప్పులతో ఫ్లోటు మీదికి ఎక్కలేనివారికి నేను దీన్నే చెబుతాను. నాకు నచ్చనిది చక్రాల వ్యవహారం. చక్రాలు దించి ఉండగా నీటి మీద దిగితే విమానం ముందుకు పల్టీ కొడుతుంది. అందుకే దిగే ముందు ‘నీటి మీద దిగుతున్నాం, చక్రాలు పైన ఉన్నాయి’ అని శిక్షకుడు బిగ్గరగా చెబుతూ సరిచూసుకుంటాడు. చక్రాలే లేని కబ్‌లో ఆ బెంగ లేదు.

మాల్దీవుల ట్విన్ ఆటర్ సంగతీ అడుగుతున్నారు. అది రెండు ఇంజన్ల ప్రయాణికుల విమానం, కర్ర మన చేతికి రాదు. దీవులు చూడడానికి బాగుంటుంది.

మన దగ్గరే ఎక్కే రోజు వస్తే ఎక్కడ బాగుంటుందంటే, సోమశిల, కండలేరు జలాశయాలు. మైపాడు, కొత్తపట్నం సముద్రం చిన్న విమానాలకు పనికిరాదు, అడుగు ఎత్తు అల కూడా వాటికి ఎక్కువే. పులికాట్ లోతు తక్కువ, పైగా రాజహంసలు దిగే చోటు, దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఏది ఎక్కినా నడుముకు కట్టుకునే, గాలి నింపుకునే లైఫ్ జాకెట్ ఇస్తారు. విమానం తిరగబడితే ముందు బయటపడాలి, ఆ తర్వాతే జాకెట్‌లో గాలి నింపే తాడు లాగాలి. లోపలే ఉబ్బితే అది మనిషిని పైకప్పుకు నొక్కేస్తుంది, తలుపు దాకా చేరనివ్వదు. తలుపు గొళ్లెం ఎటు తిరుగుతుందో బయలుదేరే ముందే కళ్లు మూసుకుని తడిమి చూసుకోండి.