బ్లూ రన్‌ల కోసం కొలరాడోలో మూడు కొండలు

రెండేళ్ల కిందట మార్చిలో, బ్రెకెన్‌రిడ్జ్ స్కీ రిసార్ట్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి మావారూ పాపా ఎనిమిదో శిఖరం కింద ఉన్నారు, నేనూ బాబూ తొమ్మిదో శిఖరం కింద ఉన్నాం. భోజనానికి కలుద్దామనుకున్న చోటు ఒకటే, మేం చేరిన చోట్లు రెండు. బాబుకి తొమ్మిదేళ్లు, అప్పటికే చేతులు చల్లబడి ఏడుపు మొహం పెట్టాడు. సూపర్‌కనెక్ట్ అనే లిఫ్ట్ (తీగకి వేలాడే కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్లేది) ఎక్కి, అటు దిగి వాళ్లని కలిసేసరికి ముప్పావుగంట పట్టింది. స్కీ రిసార్ట్ ఎంచుకునేటప్పుడు నేను ముందు దేన్ని చూడాలో ఆ రోజు తెలిసింది. అందరం ఒకే లిఫ్ట్ ఎక్కి, ఎవరికి తగ్గ దారిలో వాళ్లు దిగి, మళ్లీ అదే లిఫ్ట్ దగ్గర కలుసుకోగలమా? కొండ ఎంత పెద్దది, రన్‌లు, అంటే స్కీ మీద దిగే దారులు, ఎన్ని అన్నవి ఆ తర్వాతే చూస్తున్నాను.

మేం డాలస్‌లో ఉంటాం. వరుసగా మూడేళ్లు పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి కొలరాడో వెళ్లాం. మొదట కీస్టోన్, తర్వాత బ్రెకెన్‌రిడ్జ్, పోయిన మార్చిలో కాపర్ మౌంటెన్. నలుగురం మధ్యస్థాయి వాళ్లమే. తేలికైన గ్రీన్ రన్‌లు విసుగొచ్చాయి, కష్టమైన వాటికి పెట్టే బ్లాక్ డైమండ్ గుర్తు చూస్తే భయం. మధ్యలోవే బ్లూ రన్‌లు. కాని మాలోనే చాలా తేడా ఉంది. పదమూడేళ్ల పాప బ్లూ రన్‌లో ఎక్కడా ఆగదు. నేను నిటారుగా ఉన్న చోట స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, పిల్లలకి నేర్పే ‘పిజ్జా’ పద్ధతిలోనే దిగుతాను.

ఇంకో సంగతి. ఈ రంగులు ఏ రిసార్ట్‌కి ఆ రిసార్ట్ తన కొండలోని మిగతా రన్‌లతో పోల్చి పెట్టుకునేవి. ఒక కొండ మీద బ్లూ ఇంకో కొండ మీద బ్లూతో సమానం కాదు. అందుకే మ్యాప్‌లో బ్లూలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మానేశాను. రాత్రి యంత్రాలతో చదును చేసిన రన్‌ల జాబితా రోజూ పొద్దున రిసార్ట్ యాప్‌లో వస్తుంది. మా ప్లాన్ అంతా దాని మీదే. చదును చేసిన బ్లూ మీద నేను ధైర్యంగా దిగగలను. అదే రన్ గుట్టలు గుట్టలుగా ఉంటే నా వల్ల కాదు.

బ్రెకెన్‌రిడ్జ్‌ని తక్కువ చేసి చెప్పడం లేదు. ఆరు నుంచి పది దాకా అయిదు శిఖరాలు వరసగా ఉంటాయి. ఏడో శిఖరం మీద ఇండిపెండెన్స్ లిఫ్ట్ కింది బ్లూ రన్‌లు అలలు అలలుగా పైకీ కిందకీ సాగుతాయి. మూడేళ్లలో నాకు అన్నిటికంటే నచ్చినవి అవే. ఊరు కూడా పాతది, 1859 నాటిది. సాయంత్రం నడవడానికి ఎంతో బాగుంటుంది. ఊళ్లోంచి కొండకి గండోలా (తీగ మీద నడిచే చిన్న కేబిన్) ఉచితం. పిల్లలు పెద్దవాళ్లయి, నలుగురం ఒకే వేగంతో దిగగలిగితే మళ్లీ అక్కడికే వెళ్తాం.

కీస్టోన్‌లో డెర్కమ్ మౌంటెన్ ముందు భాగం మాలాంటి కుటుంబానికి చక్కగా కుదిరింది. రివర్ రన్ గండోలా ఎక్కితే పైన దింపుతుంది. అక్కడి నుంచి స్కూల్‌మార్మ్ అనే గ్రీన్ మూడు మైళ్లకి పైగా మెలికలు తిరుగుతూ దిగుతుంది. స్ప్రింగ్ డిప్పర్, ఫ్లయింగ్ డచ్‌మన్ లాంటి బ్లూలు కూడా ఆ పైనుంచే. ఆ మొదటి ఏడాది బాబూ నేనూ గ్రీన్‌లో, వాళ్లిద్దరూ బ్లూలో దిగేవాళ్లం. మధ్యాహ్నం స్కూల్‌మార్మ్ మాత్రం బాగా రద్దీగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు, వేగంగా వచ్చేవాళ్లు అందరూ ఆ ఒక్క దారిలోనే. పొద్దున తొమ్మిదిన్నరలోపు ఒకటి రెండుసార్లు దిగేస్తే హాయి.

జాగ్రత్తగా ఉండాల్సింది కొండ వెనకవైపు. నార్త్ పీక్, అవుట్‌బ్యాక్ వైపు వెళ్తే తిరిగి రావడానికి రూబీ లిఫ్ట్ ఎక్కి మళ్లీ డెర్కమ్ పైకి చేరాలి. అది మూసేలోపు రావాలన్న టెన్షన్ వల్ల ఆ మధ్యాహ్నం మేం సరిగా ఆనందించలేకపోయాం. నార్త్ పీక్ కిందకి దిగే మొజార్ట్ అనే బ్లూ కూడా, అందరూ దిగి దిగి మంచు గీసుకుపోయాక, నాకు పేరుకే బ్లూ అనిపించింది. కీస్టోన్‌లో డబ్బు కలిసొచ్చే మాట ఒకటుంది. రిసార్ట్ వాళ్ల బసలోనే రెండు రాత్రులు గాని, అంతకు మించి గాని బుక్ చేసుకుంటే పన్నెండేళ్లు, ఆ లోపు పిల్లలకి లిఫ్ట్ టికెట్ ఉచితం. మా పిల్లలిద్దరికీ అప్పుడు ఆ సదుపాయం వర్తించింది. బుక్ చేసే ముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి. పార్కింగ్ నుంచి సామాను లాక్కెళ్లడానికి పెట్టే ఎర్ర బండ్లు చిన్న సంగతే, కాని నాలుగు జతల స్కీలు మోసిన తల్లికి అది ఎంత ఉపకారమో!

ఇక కాపర్. కొండకి ఎదురుగా నిలబడితే కుడివైపు పడమర, అటు తేలికైన రన్‌లు. మధ్యలో మా స్థాయివి. ఎడమవైపు, తూర్పున, కష్టమైనవి. ఎవరో గీసి పంచినట్టు ఉంటుంది గాని నేల తీరే అంత. సెంటర్ విలేజ్ అనే బసల దగ్గర దిగితే రెండు పెద్ద లిఫ్ట్‌లు అమెరికన్ ఈగిల్, అమెరికన్ ఫ్లయర్ నడిచే దూరంలోనే. ఫ్లయర్‌కి ఆరుగురు కూర్చునే కుర్చీలు, గాలి కొట్టకుండా పైన మూత కూడా. అది చూసి బాబు ఇంక చలి అనలేదు. ఈగిల్ కింద మెయిన్ వెయిన్ అనే బ్లూ వెడల్పుగా, సూటిగా ఉంటుంది. పాప దాన్ని ఒక్క పొద్దుటే ఆరుసార్లు దిగింది. నాకు కాళ్లు అలిసినప్పుడు పడమర వైపు మళ్లేదాన్ని. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ‘మీరెక్కడున్నారు?’ అని ఫోన్ చేసుకోలేదు. లోటు ఏమిటంటే ఊరనేది లేదు. సాయంత్రం అయిదున్నర తర్వాత చేసేదేమీ పెద్దగా ఉండదు, తిండికి ఎంపికలు తక్కువ.

అందుకే వంటగది ఉన్న కాండో (అద్దెకిచ్చే ఫ్లాట్) తీసుకోమంటాను. ఈ చోట్లన్నీ తొమ్మిది వేల అడుగులకు పైనే. నీళ్లు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. కాండోలో ఉన్న మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం పలుకు పలుకుగా మిగిలింది, కందిపప్పు అసలు ఉడకలేదు. మరుసటి ఏడాది నుంచి ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తున్నాం. పగలంతా మంచులో తిరిగొచ్చాక వేడి అన్నం, చారు పిల్లలు అడిగి మరీ తిన్నారు.

ఎత్తు గురించి తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి ఏడాది విమానం దిగి నేరుగా పైకెళ్లాం. రాత్రి బాబుకి తలనొప్పి, వాంతులు. మరుసటి రోజంతా పడుకునే ఉన్నాడు, ఆ రోజు వృథా. ఇప్పుడు ఒక రాత్రి డెన్వర్‌లో, అంటే 5,280 అడుగుల దగ్గర, ఆగి వెళ్తున్నాం. నీళ్లు బాగా తాగిస్తాం, మొదటి రోజు సగం పూటే. కూర్చుని ఉన్నా ఆయాసం వస్తుంటే ఆగకుండా కిందకి దిగి డాక్టర్‌కి చూపించాలి.

బూట్ల విషయంలో నాకు ఇప్పటికీ బాధే. దారిలో ఒక అద్దె దుకాణంలో రద్దీలో పాపకి ఒక సైజు పెద్ద బూట్లు ఇచ్చారు. ‘వదులుగా ఉంటే సుఖం’ అన్నారు, మేం నమ్మాం. రెండు రోజులు ముంగాళ్లు కమిలిపోయేలా దిగింది పిల్ల. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి జరగాలి. ఒక్కటే పల్చటి సాక్సు. ఇవి అక్కడే సరిచూసుకోండి. ఇప్పుడు మేం బస పక్కనే ఉన్న చోట అద్దెకి తీసుకుంటాం, నొప్పి పుడితే వెంటనే మార్చుకోవచ్చు.

డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద శనివారం పొద్దున వెళ్లడం, ఆదివారం మధ్యాహ్నం తిరిగి రావడం మానండి. మంచు కాలంలో ఆ దారిలో మంచుకి తగ్గ టైర్లు ఉండాలన్న నిబంధన ఉంది, అద్దె కారు తీసుకునేటప్పుడే టైర్ల సంగతి అడగండి. బస ఖర్చు తగ్గాలంటే ఆ కొండల దగ్గరి ఊరు ఫ్రిస్కోలో ఉండొచ్చు. అక్కడి నుంచి ఈ మూడు కొండలకీ సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం. కాకపోతే బూట్లు, స్కీలతో పిల్లలు బస్సెక్కాలి.

వచ్చే మార్చికి మావారు వింటర్ పార్క్ అంటున్నారు. చలికాలంలో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి నేరుగా కొండ కిందకే రైలు ఉంది, ఐ-70 గొడవ ఉండదు. కాని అక్కడ మేరీ జేన్ వైపు గుట్టల రన్‌లకి పేరు. పాప అటు వెళ్తానంటుంది, నేను వెళ్లలేను. బాబు మ్యాప్ ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాడు. రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే చోటు ఎక్కడో పెన్సిల్‌తో గీసి చూస్తున్నాం.