ఎంటర్‌ప్రైజ్ నౌకా, గెథెన్ మంచునేలా: ఏది మేలు?

1966 సెప్టెంబరులో అమెరికా టీవీలో మొదలైన ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకను నడిపే గదిని చూడండి. సందేశాలు అందుకునే చోట నల్లజాతి స్త్రీ ఉహురా, చుక్కాని దగ్గర ఆసియా మూలాలున్న సులు, మరుసటి ఏడాది నుంచి రష్యా యువకుడు చెకోవ్. సగం మనిషి, సగం వల్కన్ అనే గ్రహాంతర జాతి అయిన స్పాక్ సరేసరి. బయటేమో రష్యాతో ప్రచ్ఛన్నయుద్ధం. నల్లవారు, తెల్లవారు పెళ్ళాడకూడదన్న చట్టాలను అక్కడి సుప్రీంకోర్టు 1967లో గానీ కొట్టివేయలేదు. సులు వేషం వేసిన జార్జ్ టకేయి, జపాన్ మూలాలున్న పాపానికి, బాల్యంలో కొన్నేళ్ళు కుటుంబంతో సహా అమెరికా నిర్బంధ శిబిరాల్లో గడిపినవారు. అలాంటి రోజుల్లో వీళ్ళంతా ఒకే గదిలో పనిచేస్తుంటే నౌకలో ఎవరికీ అది వింతగా తోచదు. నాకు నచ్చేది ఆ మామూలుతనమే.

ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలలో ఈ హాయి ఉండదు. గెథెన్ అనే మంచుగ్రహంలో మనుషులు నెలలో కొద్ది రోజులు తప్ప ఆడా కాదు, మగా కాదు. ఆ కొద్ది రోజుల్లో ఎటైనా మారవచ్చు. ఒకే మనిషి ఒక బిడ్డకు తల్లి, ఇంకొక బిడ్డకు తండ్రి. ఇతర లోకాల తరఫున రాయబారిగా వెళ్ళిన జెన్లీ ఐ చదువుకున్నవాడు, మంచివాడు. అయినా తనకు నిజంగా మేలు చేస్తున్న గెథెన్ వాసి ఎస్ట్రావెన్‌లో ఆడతనం కనిపించిన ప్రతిసారీ అతనికి అనుమానమే. మంచుమైదానంలో ఇద్దరూ ఒకే గుడారంలో తలదాచుకోవలసి వచ్చాకే ఆ మనిషిని పూర్తిగా చూడగలుగుతాడు.

రెండింటికీ లోపాలున్నాయి. స్టార్ ట్రెక్ చివరి ఎపిసోడ్‌లో, కెప్టెన్ల లోకం ఆడవాళ్ళను రానివ్వదని ఒక పాత్ర వాపోతే, ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ కిర్క్ కాదనడు. లెగ్విన్ గెథెన్ వాసులందరినీ ‘అతడు’ అనే రాశారు. తర్వాత అందుకు చింతించారు. ఇక్కడ తెలుగు కొంత ఆదుకుంటుంది. ‘రాజుగారు గర్భంతో ఉన్నారు’ అంటే వ్యాకరణం నొచ్చుకోదు. మర్యాద ఇచ్చిన చోట మన క్రియకు ఆడామగా తేడా లేదు. మర్యాద తీసేశామా, ‘వచ్చాడు’ మగవాడికి. ‘వచ్చింది’ ఆడమనిషికి, ఆవుకు, బస్సుకు కలిపి ఒకటే!

లోకాన్ని కదిలించడంలో మాత్రం నౌకదే పైచేయి. ఉహురాగా నటించిన నిషెల్ నికోల్స్ మానేద్దామనుకుంటే, ఉండమని నచ్చజెప్పింది మార్టిన్ లూథర్ కింగ్. తర్వాత ఆమె నాసా కోసం స్త్రీలను, నల్లజాతివారిని వ్యోమగాములుగా రమ్మని పిలిచే పనిచేశారు. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్‌కు చిన్ననాడు ఉహురాయే స్ఫూర్తి. ఒక నవలకు ఇంత బలం అరుదు.

కనుక ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే ముందు నౌక ఎక్కించండి. పెద్దవాళ్ళకైతే నా ఓటు గెథెన్‌కే. స్టార్ ట్రెక్ చూస్తున్నంతసేపూ నేను కూడా ఆ గదిలో ఉండదగినవాడినే అనుకున్నాను. లెగ్విన్ పుస్తకం సగం దాటేవరకు నేనూ ఎస్ట్రావెన్‌ను నమ్మలేదు.