వీకెండ్ ఫైనాన్స్, ప్రొక్యూర్‌మెంట్ (కొనుగోళ్ల) కోర్సు: రెండేళ్లు పనిలో పెట్టి చూశాక

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో షెడ్డు నడిపేవాళ్లకు, అక్కడ లెక్కలు చూసేవాళ్లకు ఈ కోర్సు సగం పనికొస్తుంది. ఏ సగమో చేరకముందే తెలుసుకోవడం మంచిది.

ఫైనాన్స్ పేపర్లో రేషియోలకే నాలుగు క్లాసులు పోతాయి. బ్యాంకువాళ్లు వాటిని ఎలాగూ వాళ్లే వేసుకుంటారు. అసలు సరుకు 13 వారాల క్యాష్‌ఫ్లో షీటు, అంటే ఏ వారం ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అనే పట్టిక. దాన్ని ఒక్క క్లాసులో ముగించేశారు.

ప్యానెల్ బాక్సులకు 10 లక్షల రూపాయల ఆర్డర్ (జీఎస్టీ వేరు) తీసుకోండి. 10 శాతం అడ్వాన్సు, డెలివరీ అయిన 45 రోజులకు 80 శాతం, మిగతా 10 శాతం రిటెన్షన్ (కొనేవాడు హామీగా ఆపి ఉంచుకునే సొమ్ము), అదీ ఏడాది తర్వాత. రేకు 5.5 లక్షలు, దానిమీద జీఎస్టీ 99,000. రేకు కొట్టువాడు అప్పు పెట్టడు. కూలి, కోటింగ్ 2 లక్షలు, అద్దె, కరెంటు వగైరా లక్ష. కాగితం మీద లాభం లక్షన్నర. ఇప్పుడు వారాలవారీగా వేయండి. మన బిల్లు మీద జీఎస్టీ 1.80 లక్షలు, అందులో రేకు మీద కట్టిన 99,000 పోను 81,000 వచ్చే నెల 20కల్లా కట్టాలి, పార్టీ (కొనేవాడు) మనకు పైసా ఇవ్వకపోయినా. అడ్వాన్సు పోనూ చేతి నుంచి పెట్టాల్సింది 9.30 లక్షలు! 80 శాతం పేమెంటు, దాంతో జీఎస్టీ కలిపి 9.80 లక్షలు వచ్చాక మిగిలేది 50,000. తక్కిన లక్ష రిటెన్షన్లో ఇరుక్కుంటుంది. పేమెంటు షరతులు ఒక పేపర్లో, క్యాష్‌ఫ్లో ఇంకో పేపర్లో చెప్పి, రెండిటినీ కలిపి ఒక్క లెక్కా చేయించలేదు. పెద్ద లోపం అదే.

2006 ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి) చట్టం మాత్రం బాగా చెప్పారు. రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనేవాడి పేమెంటు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. కాబట్టి చలాన్ మీద తేదీ, సీలు పడేదాకా లారీ కదలకూడదు. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్నా కొని అమ్మే ట్రేడర్లకు ఈ రక్షణ లేదు. ఆ ముక్క క్లాసులో అడిగితే తప్ప రాలేదు.

ప్రొక్యూర్‌మెంట్ పేపర్లో ఉదాహరణలన్నీ ఆనకట్టలు, విమానాశ్రయాలు. మన సైజుకు దిగేది ఒక్క కంపారిటివ్ స్టేట్‌మెంటే, అంటే కొటేషన్లను పక్కపక్కన పోల్చే పట్టిక. అందులోనూ రేటు ఒక్కటే చూస్తే మునుగుతాం. ఇద్దరు సప్లయర్లూ షీటు లెక్కన, 8×4 అడుగుల రేకుకు ‘16 గేజ్’ (మందం కొలత) అని కొటేషన్ ఇస్తారు. ఒకడిది 1.6 మి.మీ., ఇంకొకడిది 1.5. మొదటిది సుమారు 37.3 కిలోలు, రెండోది 35. కొటేషన్లో గేజ్ వద్దు, మి.మీ., కిలో రేటు రాయించండి. దించేటప్పుడు రెండు షీట్లు కాటా వేయండి. రవాణా, దింపుడు ఖర్చు, పేమెంటు గడువు కూడా పట్టికలో చేర్చాకే ఎల్1 (అందరికంటే తక్కువ ధరవాడు) ఎవరో తేల్చాలి.

టెండర్ల పాఠంలో ఇంకొకటి సగంలో వదిలేశారు. కేంద్ర ప్రభుత్వ టెండర్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు) మినహాయింపు ఉంది, పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి (ఆర్డర్ దక్కాక పని పూర్తికి ఇచ్చే హామీ సొమ్ము) లేదు. దానికి బ్యాంకు గ్యారంటీ అడిగితే బ్యాంకు మార్జిన్ కింద ఎఫ్‌డీ పెట్టించుకుంటుంది. ఆ సొమ్మునూ క్యాష్‌ఫ్లో షీటులో ఒక వరుసగా వేయాలి.

క్లాసులు ఇంగ్లీషు, కన్నడం కలిపి నడుస్తాయి, అర్థం కావడానికి ఇబ్బంది లేదు. సర్టిఫికెట్‌ను ఇంతవరకు ఏ పార్టీ అడగలేదు. ఫీజు మొత్తం కట్టేముందు ప్రొక్యూర్‌మెంట్ ఒక్క పేపర్‌కే చేర్చుకుంటారేమో అడగండి.