పెద్ద కారవాన్, స్టాటిక్, మధ్యలో ఒక మూవర్

రెండు ఇరుసుల పెద్ద కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు) కొనాలా, తీరంలో స్టాటిక్ (కారవాన్ల సైట్‌లో ఒకే చోట ఉండిపోయే ఇల్లు) తీసుకోవాలా అని ఎవరడిగినా నేను మొదట మూవర్ గురించే, అంటే కారవాన్‌ను జరిపేందుకు దాని కింద బిగించే, బ్యాటరీతో నడిచే మోటార్ల గురించే మాట్లాడతాను. మంచాలు, వంటగది, హీటింగ్ రెండింటిలోనూ బాగానే ఉంటాయి, వాటి జోలికి పోను. రిమోట్ నొక్కగానే రోలర్లు టైర్లకు ఆనుకుని, టన్నున్నర పైబడిన బండి కారు సాయం లేకుండానే అంగుళం అంగుళం జరుగుతూ గేటు లోపలికి వెళ్లిపోతుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా వీధి ఇరుకు, ఇంటి ముందు వాలు. మూవర్ లేకపోతే ఈ బండిని ఏనాడో అమ్మేసేవాణ్ని.

ఆ మూవరే ఒక ఆదివారం సాయంత్రం నడివీధిలో మొండికేసింది. తీరంలోని ఫైలీ నుంచి ఏ64 రోడ్డు మీదుగా వానలో వచ్చాం. కారు నుంచి విడదీసి, రోడ్డుకు అడ్డంగా తిప్పేసరికి రిమోట్ మీద ఎర్ర లైటు. లోపల దీపాలు మాత్రం నిక్షేపంగా వెలుగుతున్నాయి. దీపాలకు చాలే బ్యాటరీ మూవర్‌కు చాలదు; అది లాగే కరెంటు చాలా ఎక్కువ. సర్వీసు చేసిన మెకానిక్ ఆ మధ్యనే బ్యాటరీ భేషుగ్గా ఉందన్నాడు, దీపాలు చూసి అన్నాడేమో. ఒకే ఇరుసున్న బండినైతే నలుగురు పట్టి తిప్పవచ్చు. ఇది కదలదు. అటు కార్లు, ఇటు పిజ్జా తెచ్చే స్కూటరు. మా ఆవిడ గొడుగు పట్టుకుని అందరికీ సారీలు చెబుతుంటే, ఎదురింటి పెద్దాయన జంప్ కేబుళ్లు (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదానికి కరెంటు ఇచ్చే తీగలు) తెచ్చాడు. మా కారు ఇంజను ఆన్‌లో ఉంచి కలిపాక బండి లోపలికి వెళ్లింది. స్కూటరు కుర్రాడు చప్పట్లు కొట్టాడు, మెచ్చుకోలో వెటకారమో తెలియలేదు.

మా తోడల్లుడికి ఫైలీ దగ్గర స్టాటిక్ ఉంది. అతనికి ఈ బాధల్లేవు, తాళం తీసి టీ పెట్టుకోవడమే. అయితే జనవరిలో సైట్ మూసేస్తారు, సంక్రాంతికి అక్కడ గారెలు వండుకునే యోగం లేదు. చలి ముదిరేలోగా పైపుల్లో నీళ్లన్నీ తీసేయాలి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. ఏటా సైట్ ఫీజు. అమ్మితే, అతని ఒప్పందం ప్రకారం, 15 శాతం కమిషన్ సైట్‌కే.

ఫీజు నచ్చకపోతే నేను బండి తగిలించుకుని వెళ్లిపోగలను, పైకి చెప్పుకునే లాభం ఇదే. అయినా మూడు లేన్ల మోటార్‌వేలో కుడివైపు చివరి లేను మాకు నిషేధం, గంటకు 60 మైళ్లు దాటకూడదు, ఏ170 రోడ్డులో సటన్ బ్యాంక్ కొండ మీదికి కారవాన్లను రానే రానివ్వరు. నిజం చెప్పాలంటే ఈ మధ్య మార్చి నుంచి అక్టోబరు దాకా బండిని ఒకే సైట్‌లో ఉంచేస్తున్నాం. అంత ముచ్చటపడిన మూవర్‌తో పని ఏడాదికి రెండుసార్లే.

పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, బరువు లాగగల కారు ఉంది, నా నడుము ప్రస్తుతానికి బాగుంది. అందుకే మాకు కారవానే నయం. మా తోడల్లుడు స్టాటిక్ అమ్మకానికి పెడితే మాత్రం ధర అడుగుతాను.