అన్న క్యాంటీన్: అయిదు రూపాయల ఇడ్లీ, ప్రజలనే దేవుళ్లు

విశాఖలో అన్న క్యాంటీన్ తిండికి నా మార్కులు నిండుగానే. అయిదు రూపాయలకి వేడి టిఫిన్, అంతకన్నా ఏం కావాలి?

రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ప్లేటు కన్నా క్యూనే ఎక్కువ చూశాను. ముందు ఆటో డ్రైవరు, వెనక ద్వారకానగర్ కోచింగ్ కుర్రాడు, ఆ వెనక కేజీహెచ్‌లో రోగిని చూసుకుంటున్నావిడ. ఎన్టీఆర్ ‘ప్రజలే దేవుళ్లు’ అన్నది వీళ్లనేనా?

రెండు రూపాయల కిలో బియ్యం నాటి నుంచీ చవగ్గా పెడితే చాలు, పాపులిజం (ప్రజాకర్షక రాజకీయం) అనేస్తాం. జర్మన్ పండితుడు యాన్-వెర్నర్ ముల్లర్ లెక్క వేరు: పెట్టడం కాదు, ‘అసలైన ప్రజలకి ప్రతినిధులం మేమొక్కళ్లమే’ అనడం పాపులిజం. ఆ లెక్కన ఇడ్లీ నిర్దోషి. అర్జెంటీనా ఆలోచనాపరుడు ఎర్నెస్టో లక్లావ్ దారి ఇంకోటి: తీరని కోర్కెలు ఒకదానితో ఒకటి ముడిపడితేనే ‘ప్రజలు’ తయారవుతారన్నాడు. ఈ క్యూలో నాకా ముడి కనబడలేదు, ఎవరి ఫోను వాళ్లది.

2018లో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారాక మూతపడింది, 2024లో మళ్లీ తెరిచారు. పార్టీ పెట్టినవాడి పేరు బోర్డెక్కితే ఇంతే మరి. తినేవాళ్ల పేరు పెట్టి చూడొచ్చుగా!

వెళ్తే చిల్లర పట్టుకెళ్లండి.