ఉలురు, కటా జుటా టూర్ బుక్ చేస్తున్నారా? 7.4 కిలోమీటర్లని చెప్పి 1.1 దగ్గరే వెనక్కి తిప్పేస్తున్నారు, జాగ్రత్త

డిసెంబర్ సెలవులకి ఉలురు (ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలోని పెద్ద ఎర్ర బండ, కటా జుటా దాని దగ్గరి గుట్టల గుంపు) అనుకుంటున్న మెల్‌బోర్న్, సిడ్నీ వాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. టూర్ వాళ్ల పేరు రాయను. మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరిగేదే, తెలుగు భోజనం ఫ్రీ అని వేసేది. ఫ్లయర్ మీద ఇప్పటికీ గొలుసు పట్టుకుని ఉలురు ఎక్కుతున్న జనం ఫోటో ఉంది. ఎక్కడం 2019 అక్టోబర్ 26న మూసేశారు. ఆ ఫోటో చూసైనా మనకి బుద్ధి రావాల్సింది!

ప్రకటనలో ఉన్నది కటా జుటా గుట్టల మధ్య నడిచే వ్యాలీ ఆఫ్ ద విండ్స్ ఫుల్ సర్క్యూట్, 7.4 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటల నడక. నడిపించింది దారిలో మొదటి వ్యూ పాయింట్ కరు లుకౌట్ దాకా, అంటే 1.1 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి దారి మూసేసి ఉంది. ఇదేంటండీ అని అడిగితే గైడు గారు నవ్వుతూ అన్న మాట ఇది: "బుకింగ్‌లో వ్యాలీ ఆఫ్ ద విండ్స్ వాక్ అనే కదండీ ఉంది? ఎంత దూరమో రాశామా? ఇదీ వ్యాలీయే. గాలి కూడా వస్తోంది, చూడండి." పెద్దవాళ్లు, పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు, ఈయనకి పరాచికాలు. నిజంగానే బుకింగ్ కాగితంలో దూరం లేదు. వాట్సాప్ ప్రకటనలో ఉన్న అంకె అందులోంచి మాయమైంది. పొరపాటున మాయమైందంటే నమ్మను.

రీఫండ్ అడిగితే "వెదర్ మా చేతుల్లో ఉంటుందా సర్" అంటారు. వెదర్ ఉండదు, బస్సు టైము ఉంటుంది. ఆ రోజు 36 డిగ్రీలు లేదా ఆపైన ఉంటుందని సూచన ఉంటే, ఉదయం 11 గంటలకి కరు దగ్గర దారి మూసేస్తారు. ఇది ఉలురు-కటా జుటా నేషనల్ పార్కు ఎప్పట్నుంచో బహిరంగంగా చెబుతున్న నియమం, వేసవిలో తరచూ జరిగేదే. నియమం మంచిదే, ఆ ఎండలో లోపలికి వెళ్తే ప్రాణాల మీదకి వస్తుంది. డిసెంబర్‌లో పార్కు తెల్లవారి 5కే తెరుస్తారు. టూరిస్టులు బస చేసే ఊరు యులారా నుంచి కటా జుటాకి సుమారు 50 కిలోమీటర్లు. నేరుగా వెళ్తే 6 గంటలకల్లా నడక మొదలుపెట్టి, 10కి బయటికి వచ్చేయొచ్చు. వీళ్లేమో ముందు ఉలురు దగ్గర సూర్యోదయం, తర్వాత టిఫిను, మాలా వాక్, కల్చరల్ సెంటర్ షాపు, ఇవన్నీ అయ్యాక కటా జుటాకి తీసుకెళ్లారు. 11 దాటక ఏమవుతుంది?

ముందే తెలుసనడానికి ఇంకో సాక్ష్యం నీళ్లు. ఎండాకాలం మనిషికి గంటకి లీటరు లెక్క, సర్క్యూట్ మొత్తానికి మూడు నాలుగు లీటర్లు మోయాలి. వీళ్లు మనిషికి ఇచ్చింది ఒక 600 ఎంఎల్ సీసా. ఫుల్ సర్క్యూట్ తిప్పే ఉద్దేశం ఉన్నవాడు అంతే నీళ్లు ఇస్తాడా? పైగా "మామూలు చెప్పులు చాలు" అని మెసేజ్. కటా జుటా గుట్టలు గులకరాళ్లూ గుండ్రాళ్లూ ఇసుకతో కలిసి గట్టిపడిన రాయి. అవి ఊడి దారంతా పడి, అడుగు కింద దొర్లుతాయి. కరు దాటాక లోయలోకి దిగుడు, మళ్లీ కరింగానా లుకౌట్‌కి నిటారు ఎక్కుడు. పట్టున్న బూట్లు లేకపోతే చీలమండ మడత పడుతుంది. అసలు చూడాల్సింది ఆ కరింగానానే, రెండు గుట్టల సందులోంచి లోయ మొత్తం కనిపిస్తుంది. అది 2.7 కిలోమీటర్ల దగ్గర. డబ్బు కట్టింది దానికి.

అన్నిటికన్నా మండింది ఇంకొకటి. నడక ఎగ్గొట్టిన లోటు తీర్చడానికి గైడు కటా జుటా గురించి ఒక "పురాణం" మొదలుపెట్టాడు. ఇది ఇక్కడి ఆదివాసులైన ఆనంగు మగవాళ్ల ఆచారాలకి సంబంధించిన పవిత్ర స్థలం, ఇక్కడి కథలు వాళ్లు బయటివాళ్లకి చెప్పరు. మరి ఈయనకి ఎవరు చెప్పారు? తర్వాత దారి దిగి బండ మీద నిలబడి ఫోటోలు దిగమన్నాడు. గుర్తు పెట్టిన దారి దాటకూడదు. ఉలురు చుట్టూ నడిచే దారిలోనైతే కొన్ని చోట్ల ఫోటో తీయొద్దని బోర్డులే ఉంటాయి. తిరుమల ఆనందనిలయంలో ఫోన్ తీయమంటే ఊరుకుంటామా?

పార్కు పాసుల సంగతి కూడా. పెద్దవాళ్లకి 38 డాలర్లు, మూడు రోజులు చెల్లుతుంది. 18 లోపు పిల్లలకి ఉచితం. వీళ్లు పిల్లల తలకీ 38 వసూలు చేశారు. పాసు మీరే పార్క్స్ ఆస్ట్రేలియా సైట్‌లో కొనుక్కోండి.

ఏ టూరైనా సరే, కార్ పార్కుకి ఎన్నింటికి చేరుస్తారు, ఏ లుకౌట్ దాకా నడిపిస్తారు, ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. 8 దాటాక చేరుస్తామంటే వదిలేయండి. కారు అద్దెకి తీసుకుంటే ఇంకా మేలు, యులారాలో దొరుకుతుంది, తారు రోడ్డే. ముఖానికి వేసుకునే ఈగల వల మర్చిపోకండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లకి: "నో రీఫండ్" అని వాళ్లు రాసుకున్నంత మాత్రాన ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ఇచ్చిన హక్కు పోదు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. 7.4 అని ఉన్న ఆ పాత వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకండి, వాళ్లు ఇప్పటికే తమ వైపు నుంచి తీసేస్తున్నారు.